సెలీనా నుదుటి బొట్టు

2013 ఏప్రిల్ 14న కాలిఫోర్నియాలో ఎంటీవీ మూవీ అవార్డుల స్టేజీ మీదికి 20 ఏళ్ల అమెరికన్ గాయని సెలీనా గోమెజ్ వచ్చింది. ఎర్ర గౌను, చుట్టూ డాన్సర్లు, తబలా దరువు వినిపించే కొత్త పాట ‘కమ్ అండ్ గెట్ ఇట్’. కనుబొమల మధ్య మెరిసే బొట్టు. నాలుగు నిమిషాలు కూడా పట్టని ఆ పాట దగ్గర మొదలైన వాదన పదేళ్లు దాటినా తెగలేదు.

కొద్ది రోజుల్లోనే నెవాడాలో ఉండే హిందూ నాయకుడు రాజన్ జెడ్ ఒక ప్రకటన ఇచ్చారు. బొట్టు పవిత్రమైనది, దాన్ని కవ్వించే పాటలకు ఫ్యాషన్ వస్తువులా వాడకూడదు, సెలీనా క్షమాపణ చెప్పాలి అన్నది దాని సారాంశం. సెలీనా బొట్టు తీయలేదు. అదే వారంలో మరో టీవీ షోలో కూడా అలాగే కనిపించింది. ప్రియాంకా చోప్రా ఆమెను వెనకేసుకొచ్చింది, సంస్కృతులు కలవడం మంచిదేగా అని. అమెరికాలో పుట్టి పెరిగిన మన అమ్మాయిలు చాలామంది మాత్రం మండిపడ్డారు. తమను తాము సెలీనేటర్స్ అని పిలుచుకునే ఆమె అభిమానులు రెండుగా చీలిపోయారు. ‘ఇష్టంతో పెట్టుకుంది, అందులో తప్పేముంది’ అని ఒక వర్గం. ‘మా ఇంటి వస్తువు నీకు స్టేజీ సామానా’ అని రెండో వర్గం. రెండో వర్గంలోనూ ఆమె పాటలు నోటికొచ్చినవాళ్లే ఎక్కువ.

ఈ గొడవ నాకు మా అక్క వాళ్లింట్లో ఎదురైంది. వాళ్లుండేది టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో. సెలీనా పుట్టిన గ్రాండ్ ప్రెయిరీ దానికి ఆనుకునే ఉంటుంది. అక్క కూతురికి అప్పుడు 11 ఏళ్లు. ‘మన పక్కూరి అమ్మాయి’ అని సెలీనా అంటే ప్రాణం. గోడ నిండా పోస్టర్లే. ఆ మరుసటి వేసవిలో నేను అక్కడికి వెళ్లినప్పుడు ఒకటి గమనించాను. అక్క కారులో డ్రైవర్ సీటు ముందు, ఎండకు అడ్డంగా దించే పలక వెనక చిన్న అద్దం ఉంది. ఆ అద్దం అంచున నాలుగైదు స్టిక్కర్ బొట్లు అంటించి ఉన్నాయి. మెరూన్‌వి మూడు, నల్లవి రెండు. జిగురు ఆరిపోయి అంచులు పైకి లేచాయి. ఏక్తా మందిర్‌కు వెళ్లేటప్పుడు పార్కింగ్‌లో ఆగి, వాటిలో ఒకటి తీసి పెట్టుకునేది. తిరిగొచ్చేటప్పుడు కూరగాయలకని ఎక్కడైనా ఆగితే, దిగే ముందు నుదుటి మీదది తీసి మళ్లీ అద్దానికి అంటించేది. ఎందుకక్కా అంటే ‘ఏమో, అలవాటైపోయింది’ అంది.

అక్క కూతురు చెప్పిందే నాకు బాగా గుర్తుండిపోయింది. రెండో తరగతిలో దీపావళి నాడు పట్టు పరికిణీ కట్టి, బొట్టు పెట్టి స్కూలుకు పంపారట. తోటి పిల్ల ఒకతి వచ్చి ఆ బొట్టు మీద వేలు పెట్టి నొక్కి, ‘ఇది బటనా? నొక్కితే ఏమవుతుంది?’ అందట. అందరూ నవ్వారట. ఆ తర్వాత అది స్కూలుకెప్పుడూ బొట్టు పెట్టుకోలేదు. సెలీనా పాట వచ్చిన ఏడాది ఒక బర్త్‌డే పార్టీకి వెళితే, అదే పిల్ల మాల్‌లో కొన్న రాళ్ల బొట్ల అట్ట పట్టుకొచ్చి అందరికీ అంటిస్తోందట. ‘నాకు కూడా పెడతానంది పిన్నీ. ఎలా పెట్టుకోవాలో నాకే చెప్పింది.’

నా దృష్టిలో ఈ చర్చలో అసలు ముడి అదే. ఒకే వస్తువు ఒకరి ముఖాన నవ్వులపాలై, ఇంకొకరి ముఖాన ఫ్యాషన్ అవుతోంది. ముందు వాడుకున్నవాళ్లకు నొప్పి, తర్వాత వాడుకున్నవాళ్లకు మెప్పు. పవిత్రమా కాదా అన్న వాదన దీని ముందు చిన్నదే అనిపిస్తుంది నాకు. కానీ టీవీ చర్చలన్నీ ఆ పవిత్రత చుట్టూనే తిరిగాయి.

సెలీనా అది ఎందుకు పెట్టుకుందో చూద్దాం. ఆమె చిన్నప్పటి నుంచి డిస్నీ చానెల్ పిల్ల. 2007 నుంచి 2012 దాకా నడిచిన ‘విజార్డ్స్ ఆఫ్ వేవర్లీ ప్లేస్’ సీరియల్‌తో కోట్లాది ఇళ్లలో ఇంటిపిల్ల అయిపోయింది. అలాంటి పిల్లలకు ఇరవై వచ్చేసరికి ఒక టెన్షన్ మొదలవుతుంది. పాత ముఖంతో ఇంకో మెట్టు ఎక్కలేరు, కొత్త ముఖాన్ని జనం ఒప్పుకోవాలి. ‘నేనిప్పుడు చిన్నపిల్లను కాదు’ అని నాలుగు నిమిషాల్లో చెప్పేయాలి. దానికి దుస్తులు, డాన్సు, వాయిద్యాలు, అన్నీ ఆ పనికే వాడతారు. ‘కమ్ అండ్ గెట్ ఇట్’ కట్టింది నార్వేకు చెందిన సంగీతకారుల జంట స్టార్‌గేట్, పాటల రచయిత్రి ఎస్టర్ డీన్. మొదట రిహానా కోసం అనుకున్న పాట అది. విడుదల చేసింది డిస్నీకే చెందిన హాలీవుడ్ రికార్డ్స్. తబలా సెలీనా ఎక్కడో విని మనసుపడి తెచ్చుకున్నది కాదు, పాట ఆమె చేతికొచ్చేసరికే అందులో ఉంది. బొట్టు ఆ పాటకు తగ్గ మేకప్పు. ఆ ప్రయత్నం ఫలించింది కూడా. అమెరికా పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో పాట 6వ స్థానం దాకా వెళ్లింది, ఆ పట్టికలో తొలి పది స్థానాల్లోకి ఆమె రావడం అదే మొదటిసారి. జులైలో వచ్చిన ‘స్టార్స్ డాన్స్’ ఆల్బమ్ ఆల్బమ్‌ల పట్టికలో నేరుగా ఒకటో స్థానంలో దిగింది.

నా అభ్యంతరం సరిగ్గా ఇక్కడే. మన దగ్గర బొట్టు అంటే పేరంటం, పెళ్లిపిలుపు, అమ్మ నుదురు. ‘బొట్టు పెట్టి చెప్పాలా?’ అని ఎవరైనా అలిగితే ఆ అలకకు అర్థముంది, ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవడమంటే మనిషికి ఇచ్చే మర్యాద కాబట్టి. ఆ స్టేజీ మీద మాత్రం అది ‘దూరదేశపు మత్తు’కు గుర్తుగా నిలబడింది. తూర్పుదేశం అంటే మోహం, మాయ, సుగంధం అనే పాత బొమ్మ పాశ్చాత్యుల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. ఆ బొమ్మను ఇంకోసారి దుమ్ము దులిపి వాడారు. రాజన్ జెడ్ మాటల్లో ఈ ఒక్క ముక్కను నేను కాదనలేను.

ఒకరి సంస్కృతిలోని వస్తువును ఇంకొకరు తీసేసుకుని వాడుకోవడాన్ని ఇంగ్లీషులో ‘కల్చరల్ అప్రోప్రియేషన్’ అంటారు, ఆ మాటకు తెలుగులో సరైన మాట ఇంకా కుదరలేదు. సాంస్కృతిక దోపిడీ అంటే మరీ పెద్ద మాట, బొట్టు పెట్టుకున్న ప్రతి తెల్లమ్మాయీ దొంగ అయిపోతుంది. అరువు అంటే మరీ మెత్తన, అరువు తెచ్చుకున్నవాళ్లు తిరిగిచ్చేస్తారు, కనీసం ఎవరి దగ్గర తెచ్చారో చెబుతారు. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అని మన పెద్దవాళ్లు నగల గురించి అన్నారు. ఒకరి నగ తెచ్చుకుంటే దాని బరువూ మొయ్యాలి, పోతుందేమోనన్న భయమూ మొయ్యాలి. ఇక్కడ జరిగేది దానికి తలకిందులు. నగ ఒకరిది, మెరుపు ఇంకొకరిది, బరువు మాత్రం నగ గలవాళ్లకే మిగులుతుంది.

ఆ బరువు ఎంతటిదో తెలియాలంటే 1987లో న్యూజెర్సీకి వెళ్లాలి. అప్పటికి జెర్సీ సిటీలో భారతీయులు గట్టిగానే స్థిరపడ్డారు. ఆ ఏడాది ‘డాట్‌బస్టర్స్’ పేరుతో ఒక ముఠా తయారైంది. డాట్ అంటే మన బొట్టే. స్థానిక పత్రిక జెర్సీ జర్నల్‌కు ఉత్తరం కూడా రాశారు, భారతీయులను ఊళ్లోంచి తరిమేస్తామని. చీర కట్టుకుని బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు రోడ్డు మీద గుర్తు పట్టడానికి తేలిక. ఆ సెప్టెంబరులో పక్కనే ఉన్న హోబోకెన్‌లో 30 ఏళ్ల బ్యాంకు ఉద్యోగి ఒకరిని కొందరు కుర్రాళ్లు కొట్టారు, కొద్ది రోజులకు అతను చనిపోయాడు. అదే రోజుల్లో జెర్సీ సిటీలో ఒక డాక్టరును కొడితే ఆయన కోమాలోకి వెళ్లాడు. చనిపోయిన ఆ యువకుడు పార్సీ. బొట్టుతో ఏ సంబంధమూ లేని మనిషి. అప్పటికే బొట్టు ఒక మతానికి గుర్తుగా మిగల్లేదు, గోధుమరంగు చర్మానికంతా పెట్టిన తిట్టుపేరు అయిపోయింది.

మా అక్కకు జెర్సీ సిటీ సంగతి తెలియదు. ఆమె అమెరికా వెళ్లింది 1999లో. అయినా కారు అద్దానికి బొట్టు అంటించే అలవాటు ఆమెకు వచ్చింది. ముందు వచ్చినవాళ్లు తీసేస్తుంటే చూసి ఆమె కూడా తీసేసింది. భయం అలా కథ తెలియకుండానే చేతుల్లోకి వచ్చేస్తుంది. ఆ వాతావరణంలో పెరిగిన పిల్లలు స్టేజీ మీద బొట్టు చూసి ‘అబ్బ, ఎంత బాగుందో’ అని చప్పట్లు కొట్టలేకపోతే, వాళ్లను అతి సున్నితం అనడం నాకు మనసొప్పదు.

ఇండియాలో ఉన్నవాళ్లకు ఇది వేరేలా కనిపించడమూ సహజమే. విదేశీయులు చీర కట్టుకుని తిరుమల క్యూలో నిలబడితే మనకు ముచ్చట. మనవాడు ఫ్రెంచి అమ్మాయిని పెళ్లి చేసుకుంటే, ఆ పిల్ల నుదుట బాసికం కట్టి, కాళ్లకు పసుపు రాసి మనమే మురిసిపోతాం. ఇక్కడ బొట్టు పెట్టుకున్నందుకు మనల్ని ఎవరూ రోడ్డు మీద తరమరు, కాబట్టి ఇంకొకరు పెట్టుకుంటే మనకు పోయేదేమీ లేదు. పైగా ఆ ఫ్రెంచి కోడలికి బొట్టు పెట్టింది అత్తగారు. ఇచ్చేవాళ్లున్నారు, పుచ్చుకునేవాళ్లున్నారు, మధ్యలో ఒక బంధం ఉంది. ప్రియాంకా చోప్రా మాట్లాడింది ఈ అనుభవంలోంచే అనుకుంటాను. అది అబద్ధం కాదు. కానీ బరేలీలోనో ముంబైలోనో తీసుకున్న కొలత ఇర్వింగ్‌లో రెండో తరగతి పిల్లకు సరిపోదు.

బంధం ఉంటే చాలా, అంటే అదీ తేలిక కాదు. 1990ల మధ్యలో నో డౌట్ బ్యాండ్ గాయని గ్వెన్ స్టెఫానీ బొట్టుతోనే ప్రసిద్ధురాలైంది. బ్యాండులో బేస్ గిటార్ వాయించే టోనీ కనాల్ భారతీయ మూలాలున్నవాడు, ఆమెకు అప్పట్లో ప్రియుడు. వాళ్లింట్లో చూసి నేర్చుకుంది. సెలీనా కంటే ఆమెకు బొట్టుతో చాలా దగ్గరి పరిచయం. అయినా ఆ బొట్టు దుకాణాలకెక్కింది గ్వెన్ పేరుతోనే. టోనీ వాళ్లమ్మను ఎవరూ తలుచుకోలేదు. అలాగని ఆమె తప్పు చేసిందని నేననను. ఒకరి ఇంట్లో ప్రేమతో నేర్చుకున్నది మార్కెట్‌లోకి వెళ్లేసరికి ఎవరి చేతుల్లోనూ ఉండదు, అంతే.

ఇప్పుడు పవిత్రత సంగతి. ఇక్కడ మనవాళ్ల వాదన బలహీనమైనదని ఒప్పుకోవాలి. పసుపులో సున్నం కలిపి కుంకుమ చేసుకున్న ఇళ్లున్నాయి, అది పూజకు. అదే మనుషులు అట్ట పది రూపాయల స్టిక్కర్ బొట్టు కొనుక్కుని చీర రంగుకు కలిపి పెట్టుకుంటారు, అది అలంకారానికి. రెండూ మనవే. టీవీ సీరియళ్లలో అత్త పాత్ర నుదుటి మీద పాము ఆకారంలో మెలికలు తిరిగిన బొట్టును ఎవరూ దైవదూషణ అనలేదు. ఇంకో చేదు నిజం కూడా ఉంది. ఇంత పవిత్రమని చెప్పే బొట్టును భర్త పోయిన రోజున ఆడదాని నుదుటి మీంచి తుడిచేసింది మన సమాజమే. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించేసరికి ఊరు ఊరంతా ఎదురు తిరిగింది. ఎవరు పెట్టుకోవచ్చు, ఎవరు పెట్టుకోకూడదు అని మన ఇంటి ఆడవాళ్ల మీదే ఇన్ని ఆంక్షలు పెట్టినవాళ్లం, బొట్టు తరఫున మాట్లాడే హక్కు ఒక్క మతనాయకుడికి ఎలా వస్తుంది? మన క్రైస్తవ కుటుంబాల్లో బొట్టు పెట్టుకునేవాళ్లున్నారు, మానేసినవాళ్లున్నారు. తెలంగాణలో కొందరు ముస్లిం మహిళల మెళ్లో నల్లపూసలు ఉంటాయి. గీతలు అంత స్పష్టంగా లేవు.

అందుకే నేను పవిత్రత వైపు నుంచి కాకుండా ఖర్చు వైపు నుంచి ఆలోచిస్తాను. ఎవరు మూల్యం కట్టారు, ఎవరికి లాభం వచ్చింది?

అభిమానులు చెప్పే జవాబుల్లో ఎక్కువ వినిపించేది ‘మీరు జీన్సు వేసుకోవట్లేదా?’ అన్నది. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ జీన్సు వేసుకోవడం మన దగ్గర కాలేజీలో, ఆఫీసులో కలిసిపోవడానికి. వేసుకున్నందుకు అమెరికా పిల్లలను ఎవరూ వెక్కిరించలేదు, మనం వేసుకుంటే వాళ్ల నుంచి ఏదీ పోలేదు. కోటు, టై అయితే మనం కోరుకుని తెచ్చుకున్నవి కూడా కావు, దొరలతోపాటు వచ్చి ఉద్యోగానికి షరతు అయ్యాయి. రెండు వైపులా బట్టలే మారాయి కాబట్టి లెక్క సమానం అనడం కుదరదు.

రెండో జవాబు కాస్త బరువైనది. సెలీనా తండ్రి వైపు వాళ్లు మెక్సికన్లు. ఆమెకు ఆ పేరు పెట్టింది కూడా మెక్సికన్ అమెరికన్ గాయని సెలీనా కింటానియా మీది ఇష్టంతో. మెక్సికన్ల టోపీలు, మీసాలు అమెరికాలో ప్రతి ఏడాదీ పార్టీ వేషాలు అవుతూనే ఉంటాయి. అలాంటి పిల్లను తెల్లదొరసానిలా చూడటం అన్యాయం అన్నారు అభిమానులు. నిజమే. కానీ ఒక దగ్గర దెబ్బ తిన్నవాళ్ల చేయి ఇంకో దగ్గర తగలకుండా ఉండదు. కొరియన్ పాటల బృందం బ్లాక్‌పింక్‌లో లీసా థాయిలాండ్ అమ్మాయి, కొరియాలో ఆ కారణంగానే చులకన మాటలు పడింది. 2021లో ఆమె నల్లజాతివాళ్ల జడలతో కనిపిస్తే, ఒక అభిమాని వీడియో కాల్‌లో నొచ్చుకుంటూ చెబితే ఆమె క్షమాపణ చెప్పింది. ఆ అభిమాని లీసాను వదిలి పోలేదు. చెప్పుకుంది, అంతే.

అదే బృందంతో మనవాళ్లకు అంతకుముందే ఒక అనుభవం ఉంది. 2020 జూన్ 26న ‘హౌ యు లైక్ దట్’ వీడియో వచ్చింది. బంగారు రంగు సింహాసనం మీద లీసా, ఆ పక్కన కింద నేల మీద వినాయకుడి విగ్రహం. కొన్ని క్షణాలే కనిపిస్తుంది. చవితి నాడు మనం పీట వేసి, దాని మీద బియ్యం పోసి గానీ ఆయన్ను కూర్చోబెట్టం. అందుకే మన అభిమానులకు ఆ నేల కంట్లో గుచ్చుకుంది. వాళ్లు ఊరుకోలేదు, కంపెనీకి వరసగా రాశారు. కొద్ది రోజులకు వీడియోలోంచి విగ్రహం మాయమైంది. తెలుగువాళ్లకు హీరోల అభిమానం గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మన హీరోను ఒక్క మాటంటే వాడు యాంటీ ఫ్యాన్, దురభిమాని. కానీ బ్లాక్‌పింక్ విషయంలో తప్పు ఎత్తి చూపింది పాటను వందసార్లు చూసినవాళ్లే. వందసార్లు చూసినవాళ్లకే ఆ మూల కనిపిస్తుంది.

చట్టం వీటిలో ఎక్కడిదాకా రాగలదు? కొంత దూరం వస్తుంది. 2002లో ట్రూత్ హర్ట్స్ అనే గాయని ‘అడిక్టివ్’ పాటలో, బప్పీ లహిరి స్వరపరచగా లతా మంగేష్కర్ పాడిన పాట ముక్కను అనుమతి లేకుండా వాడారు. లహిరి కోర్టుకెక్కితే, ఆయన పేరు వేసేదాకా ఆల్బమ్ అమ్మకాలు ఆపమని లాస్ ఏంజెలెస్‌లో న్యాయమూర్తి ఆదేశించారు. 1995లో పసుపుతో గాయాలు మాన్పడం మీద మిసిసిపీ విశ్వవిద్యాలయపు వైద్య కేంద్రానికి అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు తీసుకెళ్లి పోరాడితే 1997లో రద్దయింది. ఆ పేటెంట్ అడిగిన పరిశోధకులిద్దరూ భారతీయ మూలాలున్నవాళ్లే. పాటకు కర్త ఉన్నాడు, పసుపుకు రాతల్లో సాక్ష్యం ఉంది. బొట్టుకు కర్త లేడు, కాగితం లేదు. కాబట్టి దాని పంచాయితీ ఇలా మనుషుల మధ్య, అభిమానుల మధ్యే నడుస్తుంది.

తీసుకున్నది తీసేయడం ఎంత తేలికో కూడా చూడాలి. సెలీనా ఈడుదే, డిస్నీ నుంచే వచ్చిన మైలీ సైరస్ అదే 2013లో నల్లజాతివాళ్ల డాన్సు, హిప్‌హాప్ తళుకులు వేసుకుని ‘చిన్నపిల్లను కాదు’ అని చాటుకుంది. 2017కల్లా వాటిని విప్పేసి, గిటార్ పట్టుకుని తెల్లటి దుస్తుల్లో కొత్తగా వచ్చింది. హిప్‌హాప్ మీద తనకు మనసు విరిగిందన్నట్టు బిల్‌బోర్డ్ పత్రికతో మాట్లాడింది. ఆ మాట చాలామందిని ఆ డాన్సు కంటే ఎక్కువ నొప్పించింది. ఆమెకు అది నాలుగేళ్ల వేషం. ఆ సంస్కృతిలో పుట్టినవాళ్లకు అది విప్పితే పోయేది కాదు, రోడ్డు మీద పోలీసు ఆపినప్పుడు కూడా ఒంటి మీదే ఉంటుంది.

ఇదంతా రాస్తున్నప్పుడు నాకు మన ఇల్లు గుర్తొస్తూనే ఉంది. గోదావరి జిల్లాల్లో కళావంతుల కుటుంబాల ఆడవాళ్లు తరతరాలుగా గుళ్లలో, మేజువాణీల్లో ఆడారు, పాడారు. క్షేత్రయ్య పదాలు, జావళీలు వాళ్ల గొంతుల్లో, వాళ్ల చేతివేళ్లలో బతికాయి. సంస్కర్తలు ఆ వ్యవస్థను వ్యతిరేకించడానికి కారణం లేకపోలేదు, ఆడపిల్లల బతుకులు అందులో నలిగిన మాట నిజం. 1947లో మద్రాసు చట్టం ఆడపిల్లలను గుళ్లకు అంకితమివ్వడాన్ని నిషేధించింది. అంతకు ముందే, 1935లో రుక్మిణీదేవి అరండేల్ అడయార్‌లో దివ్యజ్ఞాన సమాజం వేదిక మీద నాట్యం చేశారు. దేవదాసీలు ఆడిన సదిర్ భరతనాట్యమై, పెద్దిళ్ల ఆడపిల్లలకు గౌరవమైన చదువు అయింది. అవే పదాలు, అవే జతులు. ఈ ముఖాల మీద కళ, ఆ ముఖాల మీద కళంకం. కళావంతుల ఇళ్లలో గజ్జెలు పెట్టెల్లోకి వెళ్లిపోయాయి. ‘భోగం’ అన్న మాట ఊళ్లో తిట్టుగా మిగిలింది. కూతుళ్లకు నాట్యం నేర్పకుండా, తాము ఎవరో చెప్పుకోకుండా బతికిన అమ్మమ్మలు ఎందరో. ఇప్పుడు అమెరికాలో హాళ్లు మాట్లాడుకుని అరంగేట్రాలు చేయించే మనం, కరపత్రం మీద ఆ అమ్మమ్మల ఊసు ఎత్తుతున్నామా?

లంబాడా ఆడవాళ్ల సంగతీ ఇంతే. అద్దాలు కుట్టిన పేటియా అనే పావడా, కాంచళి అనే రవిక, తలమీద టుక్రి అనే ముసుగు, మోచేతుల దాకా గాజులు. మన సినిమా పాటకు రంగు రావాలంటే హీరోయిన్‌కు ఆ వేషం వేస్తారు. ఆ వేషంలో హీరోయిన్ అందగత్తె. అదే బట్టల్లో తండా నుంచి వచ్చిన అమ్మ బస్సెక్కితే పక్కన కూర్చోవడం ఇష్టంలేక దూరం జరిగే జనాన్ని నేను మిర్యాలగూడ బస్టాండులో నా కళ్లారా చూశాను. ఆమె ఒక చేత్తో మూట, ఒక చేత్తో పైనున్న కమ్మీ పట్టుకుని హాలియా దాకా నిలబడే వెళ్లింది. నేనూ లేచి చోటు ఇవ్వలేదు. పట్నంలో ఉద్యోగానికి కుదిరిన లంబాడా కూతుళ్లు చీరలోకి, డ్రస్సులోకి మారిపోవడంలో ఆశ్చర్యం లేదు. మా అక్క కారు అద్దానికి బొట్టు అంటించినట్టే వాళ్లు టుక్రి తీసి పెట్టెలో పెట్టారు.

అక్క కూతురికి ఇప్పుడు 23 దాటాయి. క్రితం ఏడాది నాకొక వీడియో పంపింది. 2024లో వచ్చిన క్యాట్స్‌ఐ అనే పాటల బృందంలో లారా రాజ్ అనే అమ్మాయి ఉంది, తమిళ మూలాలున్న అమెరికన్. స్టేజీ మీద బొట్టు పెట్టుకునే పాడుతుంది. ‘చూడు పిన్నీ, దీన్ని ఎవరూ బటన్ అనట్లేదు’ అని కింద రాసింది. మరి సెలీనా సంగతేమిటే అని అడిగితే, ఆ పాట ఇప్పటికీ వింటానంది. ఇరవయ్యేళ్ల పిల్ల, చుట్టూ ఉన్నవాళ్లు ఏది పెట్టమంటే అది పెట్టుకుంది, తన మీద నాకు కోపం లేదంది. నేను పూర్తిగా ఒప్పుకోలేదు. పక్కూళ్లోనే ఇన్ని తెలుగిళ్లు, గుజరాతీ ఇళ్లు ఉండగా పెరిగిన పిల్లకు జెర్సీ సిటీ కథ ఒక్కరైనా చెప్పి ఉండాల్సింది, ఆమె కూడా అడిగి ఉండాల్సింది అన్నాను. ‘అమ్మకే తెలియదు కదా పిన్నీ’ అంది.

మొన్న వెళ్లినప్పుడు చూస్తే అక్క కారు మారింది. పలక దించితే అద్దం అంచున బొట్లు అలాగే ఉన్నాయి. మెరూన్‌వాటి పక్కన అక్క కూతురివి, ఆవగింజంత నల్లవి, రెండు చేరాయి.